మాస్టారి పేగు ఇంకా లేవలేదు

నాలుగు రోజులుగా ఆ గదిలోకి ఎవరు వచ్చినా మొదట అడిగేది ఒకటే. మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చే నర్సు అదే అడుగుతుంది. రక్తం తీసుకోవడానికి వచ్చే అతనూ అదే అడుగుతాడు. ఆఖరికి గది తుడిచే ఆవిడ కూడా కర్ర గోడకి ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని అదే అడుగుతుంది.

"గ్యాస్ వెళ్ళిందా?"

మంచం మీద మాస్టారు కళ్ళు మూసుకుంటారు. నిద్ర వచ్చి కాదు, సిగ్గుతో. ముప్పై రెండేళ్ళు ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పిన మనిషాయన. జీర్ణవ్యవస్థ పటం గోడకి తగిలించి, బెత్తంతో నోటి దగ్గర బయల్దేరి, ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు అంటూ ప్రతి మజిలీలోనూ ఆగి ఆగి చెప్పేవారు. చివరి మజిలీకి వచ్చేసరికి మాత్రం "మిగిలిన వ్యర్థములు బయటికి పోవును" అని ఒక్క ముక్కలో తేల్చేసి పటం చుట్టేసేవారు. వెనక బెంచీలో ఎవరైనా కిసుక్కుమంటే బెత్తం బల్ల మీద ఠపీమనేది. అలాంటాయన్ని పట్టుకుని ఇప్పుడు ఆస్పత్రి ఆస్పత్రంతా ఆ చివరి ముక్క గురించే ఆరా తీస్తోంది.

"లేదండీ," అని ఆయన తరఫున కూతురు చెప్పేది.

కూతురిది సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు ఉద్యోగం. ఎవరో రాసిన ప్రోగ్రాము "అంతా బాగానే ఉంది" అంటే, ఆ మాట నమ్మకుండా ఉండడానికి ఆమెకి జీతం ఇస్తారు. తల్లి పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఉన్నది తనూ తండ్రీ. పోయిన వారం ఆయన కడుపునొప్పిని రెండు రోజులు దాచిపెట్టి వేడినీళ్ళతో నెట్టుకొచ్చారు. మూడో రోజు స్నానాలగది తలుపు దగ్గర కూలబడ్డాక తెలిసింది, చిన్నపేగు మెలిపడిందని. నల్లబడిపోయిన జానెడు ముక్క కోసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు.

కుట్టిన డాక్టరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. ఆపరేషన్ అయిన రోజున కారిడార్లో నిలబడి చెప్పింది. "మిగతా అవయవాలన్నీ బుద్ధిమంతులమ్మా. గుండె అసలు ఆగదు. మత్తు దిగగానే ఊపిరితిత్తులు డ్యూటీ ఎక్కేస్తాయి. కిడ్నీలకి సెలవంటేనే తెలీదు. ఈ పేగులకే రోషం. ఒకసారి చేత్తో ముట్టుకున్నామా, అలిగి పడుకుంటాయి. చిన్నపేగు ఒక రోజులో లేస్తుంది, జీర్ణాశయానికి రెండు రోజులు పడుతుంది, పెద్దపేగు అందరికంటే బద్ధకం, మూడూ నాలుగూ. వాటికి సొంత నరాలున్నాయి. మెదడు చెప్పినా సగమే వింటాయి."

"మరి లేచాయని ఎలా తెలుస్తుంది డాక్టర్?"

"గ్యాస్ వెళ్తుంది. అదే గుర్తు. అప్పటిదాకా నోట్లో చుక్క నీరు పోయకూడదు."

అప్పటినుంచి మాస్టారి ముక్కులోంచి సన్నటి గొట్టం ఒకటి జీర్ణాశయందాకా వెళ్ళి ఉంది. కిందికి పోవాల్సిన పసరు దారి లేక పైకి ఎగదన్నుతుంటే, అది గొట్టంలోంచి మంచం పక్క సంచీలోకి దిగుతోంది. కూతురు ఒక నోటుపుస్తకం పెట్టింది. సంచీలో ఎన్ని మిల్లీలీటర్లు, మూత్రం ఎన్ని, జ్వరం ఎంత, కారిడార్లో ఎన్ని చుట్లు నడిచారు, ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి గాలి పీల్చే డబ్బాలో మూడు బంతుల్లో ఎన్ని లేచాయి. అన్ని గళ్ళూ నిండుతున్నాయి. "గ్యాస్" అని రాసిన గడి ఒక్కటే నాలుగు రోజులుగా ఖాళీ. ఆఫీసులో సర్వర్లు రీస్టార్ట్ చేసినప్పుడు కూడా ఇంతే, అన్నీ లేచి కూర్చుంటాయి, ఏదో ఒక మూల సర్వీసు మొండికేస్తుంది. అక్కడైతే ఇంకోసారి ఆపి లేపుతారు. నాన్నని ఆపి లేపడానికి లేదు.

నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మ పొట్ట మీద వేళ్ళతో తట్టి చూసింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. కూతుర్ని కళ్ళతోనే బయటికి పిలిచింది.

"రేపు పొద్దుటిదాకా చూద్దాం. అప్పటికీ కదలకపోతే స్కాన్ తీయాలి. కుట్టు దగ్గర లీకున్నా, మళ్ళీ మెలిపడ్డా, మళ్ళీ తెరవాల్సి వస్తుంది."

"మళ్ళీ అంటే, మళ్ళీ మత్తు ఇచ్చి?"

"మరి తప్పదు కదమ్మా." డాక్టరమ్మ చేతిలోని ఫైలు తిరగేసింది. "గుండెలో స్టెంట్ ఉంది కదా. మొదటిసారే మత్తు డాక్టరు గారు భయపడ్డారు. రెండోసారి... అందుకే ఈ రోజు బాగా నడిపించండి. చూయింగ్ గమ్ కూడా నమిలించండి."

"చూయింగ్ గమ్మా?"

"నోరు ఆడుతుంటే తిండి వస్తోందనుకుని మెదడు కిందికి కబురు పంపుతుంది. ఆ కబురుకి ఒక్కోసారి పేగు లేస్తుంది. మింగకూడదు, అంతే."

కూతురు గదిలోకి వచ్చేసరికి మాస్టారు రెండు చేతులూ కట్టు మీద పెట్టుకుని, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు గట్టిగా పట్టుకుని, పైకప్పు వైపు చూస్తున్నారు. తలుపు ఓరగా వేసి ఉందన్న సంగతి ఆమె అప్పుడు గమనించలేదు.

పదింటికి మేనత్త దిగింది. మాస్టారికి అక్క. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు చేసి రిటైరయింది. గొంతు మాత్రం రిటైరవలేదు. ఇంట్లో అందరికీ ఆవిడ కండక్టరత్త.

"ఏరా తమ్ముడూ, పిత్తావా?"

"అక్కా," అన్నారు మాస్టారు నీరసంగా. "ఇది ఆస్పత్రి."

"ఆస్పత్రి కాబట్టే అడుగుతున్నా. బస్సులో అడిగానా?"

కూతురికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే రేపటి మాట గుర్తొచ్చి ఆగిపోయింది. అత్తని పక్కకి తీసుకెళ్ళి సంగతి చెప్పింది. అత్త వింటున్నంతసేపూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది. తర్వాత ఏమీ జరగనట్టు లోపలికి వచ్చి, కూతురు తెచ్చిన చూయింగ్ గమ్ పొట్లం విప్పింది.

"నోరు తెరు."

"నేను నమలను. తరగతిలో అది నమిలిన వాళ్ళని ఎండలో నిలబెట్టినవాణ్ణి."

"ఇప్పుడు నిన్నెవరూ ఎండలో నిలబెట్టరులే. తెరు."

"అసలు తిండి లేకుండా తిండి వస్తోందని పేగుకి చెప్పడమేంటి? అది మోసం కాదూ?"

"మోసమే. నా బస్సులో, వెనక బండి ఖాళీగా వస్తోందండీ అని రోజుకి వందమందిని దింపేదాన్ని. వెనక ఏ బండీ వచ్చేది కాదు. వాళ్ళంతా ఎలాగోలా ఇళ్ళకి చేరలేదూ? నీ పేగు కూడా అంతే. ముందు లేవనీ, సంజాయిషీ తర్వాత ఇచ్చుకుందాం."

మాస్టారు గోడ వైపు తిరిగి నమిలారు. వెనకనుంచి చూస్తే చెవి కింద దవడ ఎముక కదలడం తెలుస్తోంది. ఎవరికీ కనపడకుండా తప్పుచేస్తున్న ఎనిమిదో తరగతి కుర్రాడిలా ఉన్నారు. ముక్కులో గొట్టం ప్రతి నమలడానికీ కొంచెం ఊగుతోంది. గంటకోసారి సెలైన్ స్టాండ్ తోసుకుంటూ కారిడార్లో నడిపించారు. మందుల గది, నర్సుల బల్ల, లిఫ్టు, కిటికీ, వెనక్కి. అత్త ముందు నడుస్తూ "జరగండి, జరగండి, పేషెంటు" అని దారి చేసింది. పదకొండు చుట్లు. కూతురు రాసుకుంది. సంచీలో పది నుంచి పన్నెండు దాకా రెండు వందల యాభై. అదీ రాసుకుంది. గ్యాస్ గడి ఖాళీ.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మందుల చీటీ ఇస్తే ఆమె కిందికి వెళ్ళింది. వరసలో ముందున్న ఆయన ప్రతి మాత్రకీ మాత్ర పేరేంటో, ఎందుకో అడిగి తెలుసుకుంటున్నాడు. మామూలుగా అయితే ఆమె అలాంటివాళ్ళని మెచ్చుకుంటుంది. ఇవాళ ఆయన వీపు చూస్తూ పళ్ళు కొరికింది. పైకి వచ్చేసరికి లిఫ్టు దగ్గరే అత్త గొంతు వినపడింది.

"ఆఁ, అయింది. మా వాడు సాధించాడు. అందరికీ చెప్పు," అని ఫోన్లో ఎవరితోనో చెబుతోంది. కొంగుతో కళ్ళొత్తుకుంటూనే నవ్వుతోంది.

కూతురు పరుగెత్తింది. గదిలో నర్సు గొట్టానికి ప్లాస్టిక్ క్లిప్పు బిగిస్తోంది. "శుభవార్త. మాస్టారికి గ్యాస్ వెళ్ళిందట. డాక్టరు గారికి ఫోన్ చేశాను. గొట్టం కాసేపు మూసి చూద్దామన్నారు. నాలుగింటికి గుక్కెడు నీళ్ళిస్తాం. అవి నిలిస్తే గొట్టం తీసేస్తాం. రేపటి స్కాన్ అక్కర్లేదు."

కూతురు "థాంక్యూ సిస్టర్" అంది, ఒకసారి కాదు, నాలుగుసార్లు. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ముఖం కడుక్కుని వచ్చి నోటుపుస్తకం తీసింది. గ్యాస్ గడిలో "అవును" అని రాసింది. పక్కన సమయం గడి ఉంది.

"నాన్నా, ఎన్నింటికి?"

"ఏంటి?"

"అదే. ఎన్నింటికి వెళ్ళింది?"

"ఇందాక," అన్నారు మాస్టారు.

"ఇందాకంటే?"

"నువ్వు కిందికి వెళ్ళావు చూడు, అప్పుడు."

ఆమె అత్త వైపు తిరిగింది. అత్త తల అడ్డంగా ఊపింది. "నేను టీకి వెళ్ళానే. వచ్చేసరికి సిస్టర్ రాసేసుకుంటోంది. నా ఖర్మ, నాలుగు రోజుల్లో గదిలో ఎవరూ లేనిది ఆ పది నిమిషాలే, అప్పుడే కానిచ్చాడు సిగ్గరి."

అత్త అన్నది నవ్వుకోవడానికే. కూతురి చేతిలో పెన్ను మాత్రం ఆగింది. ఆఫీసులో కొందరు ఉంటారు. "నా సిస్టంలో బాగానే నడుస్తోంది, నువ్వు చూడనప్పుడు నడిచింది" అంటారు. ఎవరూ చూడనప్పుడు మాత్రమే పనిచేసే ప్రోగ్రాముని ఆమె ఇంతవరకూ ఒక్కసారి కూడా పాస్ చేయలేదు. కానీ ఇది ప్రోగ్రాము కాదు, నాన్న. సొంత కూతురికి సైన్సులో ముప్పై నాలుగు వేసి, పాసవడానికి కావలసిన ఆ ఒక్క మార్కు కలపని మనిషి. ఆయన అబద్ధమాడతారనుకోవడం కంటే సూర్యుడు పడమట లేచాడనుకోవడం తేలిక. ఆమె పెన్ను మూత పెట్టేసింది.

గంటసేపటి తర్వాత మొదటి ఎక్కిలి వచ్చింది.

మాస్టారు చిన్నగా దగ్గి దాన్ని కప్పేశారు. రెండు నిమిషాలకి ఇంకొకటి. మూడోది వచ్చినప్పుడు మంచం కొంచెం కదిలింది. కూతురు నోటుపుస్తకం మళ్ళీ తెరిచింది. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా సంచీలో రెండు వందల ఎనభై. అంటే తగ్గలేదు, పెరిగింది. పేగు లేచి పనిలోకి దిగితే సరుకు కిందికి పోవాలి. పైకెందుకు వస్తుంది? ఇప్పుడు గొట్టం మూసేశారు. వచ్చేది వస్తూనే ఉంటే అదంతా ఎక్కడ చేరుతోంది? దుప్పటి కింద పొట్ట పొద్దుటికంటే ఎత్తుగా కనిపించింది. లేకపోతే తన భయమే అలా చూపిస్తోందా?

గోడ గడియారంలో మూడూ నలభై.

"అత్తా, కిందికెళ్ళి సీసాలో వేడినీళ్ళు నింపుకొస్తావా?"

"నిండుగా ఉందిగా."

"చల్లారిపోయాయి."

అత్త ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. సీసా పట్టుకుని వెళ్ళింది. కూతురు కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుంది.

"చెమట పట్టిందేంటి నాన్నా?"

"ఉక్కగా ఉంది."

"నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను."

ఎక్కిలి వచ్చింది. మాస్టారు పెదాలు బిగించారు. వాంతిని ఆపుకుంటున్నారని ఆమెకి అర్థమైంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తండ్రిని అబద్ధం చెప్పారా అని అడగడానికి మాటలు ఎక్కడ దొరుకుతాయి? ఆఫీసులో అయితే అడ్డంగా అడిగేస్తుంది. ఆమె వేరే వైపు నుంచి వచ్చింది.

"పొద్దున డాక్టరుగారు బయట నాతో అన్నది విన్నారా?"

మాస్టారి కళ్ళు తలుపు వైపు పోయాయి.

"తలుపు వేసుకుని మాట్లాడాల్సింది," అన్నారాయన.

మిగతాదీ ఆయనే చెప్పారు, పైకప్పుతో చెబుతున్నట్టు. "మత్తులోంచి లేచాక గంటసేపు నా పేరు నాకు గుర్తు రాలేదమ్మా. ఎవరో నర్సు, మీ పేరు చెప్పండి, మీ పేరు చెప్పండి అంటోంది. నాకేమో బల్ల మీద బెత్తం కనిపిస్తోంది, పేరు రావట్లేదు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ ఆ గదిలోకి నేను వెళ్ళలేను. ఎలాగూ రేపటికల్లా లేస్తుంది కదా పేగు. ఒక పూట ముందు చెప్పాను, అంతే."

"ఒక పూట ముందు చెప్పడాన్ని ఏమంటారు నాన్నా?"

ఎక్కిలి. "సిస్టర్‌కి చెప్పకు," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో అలాంటి బతిమాలడం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఆ పిల్ల పొద్దుణ్ణించీ మాస్టారూ మాస్టారూ అంటోంది. గుక్కెడు నీళ్ళేగా. ఏం కాదు."

తలుపు తెరుచుకుంది. చిన్న ప్లాస్టిక్ కప్పుతో నర్సు వచ్చింది. కప్పులో అంగుళం నీళ్ళు. నాలుగు రోజులుగా పెదాలు తడిగుడ్డతో తుడవడమే తప్ప నీటి చుక్క ఎరగని మనిషి చెయ్యి చాపారు. నర్సు ఇచ్చే లోపల ఆమె అడ్డంగా కప్పు అందుకుంది.

"సిస్టర్, ఆగండి. గ్యాస్ విషయంలో ఆయన పొరపాటు పడ్డారేమో."

నర్సు నవ్వింది. "అందరికీ ఆ అనుమానమే వస్తుంది. ఫర్వాలేదు. రెండు గుక్కలేగా, ఇచ్చి చూద్దాం."

మాస్టారు కూతురి వైపు చూశారు. వదిలెయ్ అంటున్న చూపది. పొరపాటు అనే మాట ఎంత మర్యాదగా ఉందో అంత పనికిరాకుండా పోయింది. నర్సు చెయ్యి మళ్ళీ కప్పు కోసం వస్తోంది. ఆమె కప్పు వెనక్కి లాక్కుంటే కాసిని నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి.

"పొరపాటు కాదు సిస్టర్. అబద్ధం. అసలు వెళ్ళలేదు. రేపు మళ్ళీ కోస్తారని భయపడి అలా చెప్పారు."

నర్సు మొహంలో నవ్వు పోయింది. వంగి గొట్టం క్లిప్పు తీసింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ముదురాకుపచ్చ పసరు గొట్టంలో ఎగదన్నుకుంటూ వచ్చి, సంచీలో బుడబుడమంటూ దిగడం మొదలుపెట్టింది. ఆగకుండా దిగింది. వంద, రెండు వందలు, నాలుగు వందలు. కూతురు గీతలు చదువుతూ ఉండిపోయింది. ఏడు వందల దగ్గర మెల్లబడింది. ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

"పైన నీళ్ళు పడుంటే వాంతయ్యేది," అంది నర్సు సంచీ మారుస్తూ. "పడుకున్న మనిషికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే..." ఆహారానికీ గాలికీ గొంతు దగ్గర దారి ఒకటేనని ఆ గదిలో అందరికంటే ఎక్కువసార్లు చెప్పినాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు.

డాక్టరమ్మ అరగంటలో వచ్చింది. తిడుతుందేమోనని కూతురు లేచి నిలబడింది. ఆవిడ తిట్టలేదు. పొట్ట తట్టింది, చెవికి స్టెతస్కోపు పెట్టుకుని నాలుగు మూలలా విన్నది, రక్తం మళ్ళీ తీయించింది. రిపోర్టు గంటలో వచ్చింది. పొటాషియం బాగా తక్కువ.

"నిన్నటి రిపోర్టులో బాగానే ఉంది కదా డాక్టర్?" అంది కూతురు. ఆ అంకె తన పుస్తకంలో ఉంది.

"నిన్న తీసిన రక్తం దారిలో పాడైనట్టుంది. సీసాలో రక్తకణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికొచ్చి, లెక్కలో అంతా బాగున్నట్టే చూపిస్తుంది. అంటే మీ నాన్నగారి రక్తం కూడా అబద్ధం చెప్పిందన్నమాట." డాక్టరమ్మ మాస్టారి వీపు వైపు చూసి కొంచెం గొంతు పెంచింది. "పేగు గోడ కండరమే కదా మాస్టారూ, కదలాలంటే దానికి పొటాషియం కావాలి. ఈ గొట్టంలోంచి అది రోజూ కారిపోతోంది. తక్కువైన కొద్దీ పేగు పడుకుంటుంది, పేగు పడుకున్న కొద్దీ ఇంకా కారుతుంది. ఇది కారణం కావచ్చు. కానీ లీకు లేదని నాకు తెలియాలి. స్కాన్ రేపు కాదు, ఇప్పుడే."

మాస్టారు తిరగలేదు. వీపు మాత్రం ఒకసారి ఎగిసి పడింది.

స్కాన్ గది బయట ఇనుప కుర్చీల్లో అత్తా మేనకోడలూ కూర్చున్నారు. అత్తకి అప్పుడు చెప్పింది. అత్త నమ్మలేదు.

"వాడా? అబద్ధమా? చిన్నప్పుడు నేను కిటికీ అద్దం పగలగొడితే, మా నాన్న అడగకముందే వెళ్ళి అక్కే పగలగొట్టిందని చెప్పొచ్చిన వెధవ వాడు." నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఎంత భయపడి ఉంటాడే."

"నేను సిస్టర్ ముందు అనేశాను అత్తా. అబద్ధమని. నాన్న మొహం చూడలేకపోయాను."

"అనకపోతే?"

ఎదురుగా ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. లోపల యంత్రం నాన్నని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీస్తోంది. ఏదో ఒక ముక్కలో, కుట్టు దగ్గర చిన్న తెల్ల మరక కనిపిస్తే చాలు, మళ్ళీ ఆ గది, ఆ మత్తు, ఆ పేరు గుర్తురాని గంట. ఒకవేళ గంట కాక ఇంకా ఎక్కువైతే? అత్త ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని టికెట్లు లెక్కపెట్టినట్టు ఆ వేళ్ళని ఒక్కొక్కటే నొక్కింది.

డాక్టరమ్మే స్వయంగా బయటికి వచ్చి చెప్పింది. "లీకు లేదు. మెలి లేదు. పేగు ఉబ్బి ఉంది, నిద్రపోతోంది, అంతే. పొటాషియం ఎక్కిద్దాం. ఇంకో రెండు రోజులు ఆగుదాం."

మంచి వార్తే. కానీ "రెండు రోజులు" అన్నప్పుడు ఆవిడ కళ్ళు పక్కకి పోయాయని కూతురికి అనిపించింది.

ఆ సాయంత్రం నుంచి మాస్టారి చేతిలోకి పొటాషియం ఎక్కింది. అది నరంలో మంటెక్కిస్తూ పోతుందట. ఆయన కూతురితో అసలు మాట్లాడలేదు. నడవమంటే నడిచారు. నమలమంటే గోడ వైపు తిరగకుండా, అందరి ఎదుటా నమిలారు. ఆమె పుస్తకంలో "అవును"ని కొట్టేసింది. ఆ గీత కింద అక్షరాలు ఇంకా కనపడుతూనే ఉన్నాయి.

ఐదో రోజు పొద్దున ఆమె ముఖం కడుక్కుని వచ్చేసరికి మాస్టారు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు.

"అమ్మాయ్."

నిన్నటి నుంచి అదే మొదటి మాట. ఆమె తువ్వాలు అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"వెళ్ళింది," అన్నారు. "ఏడూ పన్నెండుకి."

గదిలో ఎవరూ లేరు. అత్త ఇంకా రాలేదు. కూతురు బల్ల మీదున్న పుస్తకం అందుకుంది, తెరిచింది, పెన్ను తీసింది. చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. రాయాలని ఉంది. నమ్మాలని అంతకంటే ఎక్కువ ఉంది. కానీ నిన్న కూడా ఇదే గది, ఇదే మనిషి, ఇదే ఒంటరితనం. ఆయన కళ్ళలోకి చూడలేక సంచీ వైపు చూసింది. పసరు తగ్గింది. తగ్గిందా, లేక గొట్టం ఎక్కడైనా మడత పడిందా?

మాస్టారు ఆమె పెన్నుని చూస్తున్నారు. అది ఎందుకు కదలడం లేదో ఆయనకి తెలుసు.

"నా మాట మీద రాయకు," అన్నారు. "సిస్టర్ని పిలు. వినమను."

ఆమె గంట నొక్కింది. నర్సు రావడానికి ఎప్పుడూ పట్టేటంత టైమే పట్టింది, కానీ ఈసారి చాలాసేపనిపించింది. ఆ మధ్యలో మాస్టారు దుప్పటి పక్కకి తీసి, కూతురి మణికట్టు పట్టుకున్నారు. ఆమె చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు తప్ప ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నది లేదు. ఆ చేతిని తీసుకుని కట్టుకి పక్కన, ఎడమ వైపు కింద పెట్టుకున్నారు.

"ఇక్కడ. నొక్కకు. ఊరికే ఉంచు."

మొదట ఏమీ లేదు. ఊపిరికి పొట్ట లేచి దిగుతోంది, అంతే. పొట్ట మెత్తగా ఉందని మాత్రం తెలిసింది. అప్పుడు అరచేతి కింద, ఎక్కడో లోతున, మేడ కింద అద్దెకున్నవాళ్ళు బల్ల జరుపుకున్నట్టు, ఒక మెల్లటి కదలిక. గురగురమంటూ చేతి కిందనుంచి పక్కకి పోయింది. ఆగింది. మళ్ళీ వచ్చింది.

తలుపు దగ్గర నర్సు నిలబడి ఉంది, మెడలో స్టెతస్కోపు చేత్తో పట్టుకుని.

"వచ్చి వినండి సిస్టర్," అన్నారు మాస్టారు. "నిన్న నేను మీకు అబద్ధం చెప్పాను. అందుకని ఇవాళ మీరు వినే రాసుకోవాలి."

నర్సు వచ్చి వంగింది. కూతురు చెయ్యి తీయబోతే ఆయన మణికట్టు వదల్లేదు. నర్సు ఆ చేతికి పక్కనే స్టెతస్కోపు ఆనించి, గోడ గడియారం చూస్తూ, నిమిషమంతా విన్నది.